పాత ఒపేరా హౌస్ చూడాలంటే పారిస్, వెనిస్, వియన్నా, ముంబైలలో ఏది ఎవరికి?

ఐరోపా ప్రయాణానికి నెలల ముందే ఈఫిల్ టవరుకు, స్విట్జర్లాండ్ కొండ రైళ్ళకు టికెట్లు తీసుకునే మనవాళ్ళు, కథంతా పాటగా నడిచే పాశ్చాత్య సంగీత నాటకాలు ఆడే ఒపేరా హౌస్ మాట వచ్చేసరికి, ఊరి నడుమనే ఉంటుంది కదా, దారిలో పడితే చూద్దాం అనుకుంటారు. తీరా వెళ్ళాక రిహార్సల్ కోసం ప్రేక్షకశాల తలుపులు మూసి ఉండడమో, గైడు వెంట తిప్పే బృందం అప్పటికే లోపలికి వెళ్ళిపోవడమో జరుగుతుంది. ఈ కట్టడాలు మ్యూజియంలు కావు. పగలు సాధన, రాత్రి ప్రదర్శన జరిగే నాటకశాలలు ఇవి, సందర్శకులకు దక్కేది ఆ రెంటి నడుమ మిగిలిన వేళ మాత్రమే. అందుచేత ఏ ఊరి ఒపేరా హౌస్‌ను ఎంచుకోవాలన్నది, అక్కడికి ఏ వేళకు, ఏ టికెట్టుతో వెళ్ళాలన్నదీ కలిపే ఆలోచించవలసిన విషయాలు.

జీర్ణోద్ధరణ జరిగిన చారిత్రక ఒపేరా హౌస్‌లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. తెలుగు ప్రయాణికులకు తేలికగా అందేవాటిలో నాలుగింటిని ఇక్కడ తీసుకుంటున్నాను: పారిస్‌లోని పలే గార్నియే, వెనిస్‌లోని లా ఫెనీచే, వియన్నా స్టేట్ ఒపేరా, మన ముంబైలోని రాయల్ ఒపేరా హౌస్. వీటిలో ఏది అందమైనదని అడిగితే తేలేదేమీ ఉండదు. ముందుగా తేల్చుకోవలసింది, మీరు కట్టడం చూడడానికి వెళుతున్నారా, గానం వినడానికి వెళుతున్నారా అన్నది. ఆ తరువాత, కంటి ముందున్న గోడ నిజంగానే పాతదై ఉండాలని పట్టుదల ఉందా లేదా అన్నది కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఈ నాలుగు చోట్లా జరిగిన మరమ్మతు ఒకే రకమైనది కాదు. పారిస్ భవనం కాలలేదు, కూలలేదు, మసిబారిన భాగాలను విడతలవారీగా శుభ్రం చేసి మెరుగుపెట్టారు. వెనిస్‌లోది బూడిదైన చోటనే మునుపటి రూపంలో మళ్ళీ కట్టినది. వియన్నాలో ముందుభాగం పాతది, ప్రేక్షకశాల యుద్ధానంతరం కట్టినది. ముంబైలోది ఏళ్ళ తరబడి తాళం పడి శిథిలమవుతుండగా నిలబెట్టుకున్నది.

కట్టడమే ముఖ్యమనుకునేవారికి నా ఓటు పారిస్‌కే. మూడవ నెపోలియన్ పాలనలో 1861లో జరిగిన పోటీలో నెగ్గిన శార్ల్ గార్నియే అప్పటికి పెద్దగా పేరులేని యువ వాస్తుశిల్పి. ఆయన గీసిన భవనం 1875 జనవరిలో ప్రారంభమయ్యే నాటికి ఆ చక్రవర్తీ లేడు, ఆ సామ్రాజ్యమూ లేదు. చక్రవర్తి బండి నేరుగా లోపలికి రావడానికని పడమటి పక్కన మొదలుపెట్టిన మండపం పని 1870లో సామ్రాజ్యం పడిపోవడంతో ఆగిపోయింది. చెక్కుడు పూర్తికాని రాళ్ళు అక్కడ ఇప్పటికీ కనబడతాయి. లోపల రంగురంగుల పాలరాళ్ళతో కట్టిన మహాసోపానం, దాని చుట్టూ నాలుగు వైపులా మెట్లు ఎక్కేవారిని చూడడానికి వీలుగా అమర్చిన బాల్కనీలు గమనిస్తే, ఈ భవనానికి వచ్చినవారు రంగస్థలాన్ని చూడడానికి ఎంత వచ్చారో తమను నలుగురూ చూడడానికి అంతే వచ్చారన్న సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ పైన ఉండే మహా ఫోయే, అంటే విరామంలో ప్రేక్షకులు చేరే చోటు, 54 మీటర్ల పొడవు, 18 మీటర్ల ఎత్తున్న బంగారు వన్నె మందిరం, 2004లో దాని పునరుద్ధరణ పూర్తయింది.

పారిస్‌లో పగటి టికెట్టు తీసుకుంటే గైడు లేకుండా మీ ఇష్టం వచ్చినంతసేపు తిరగవచ్చు. ప్రేక్షకశాలను మాత్రం దాని చుట్టూ చిన్న గదుల్లా విడదీసిన బాక్సుల్లోంచి చూడవలసిందే, అదీ లోపల సాధన లేనప్పుడు. ఎర్రని మఖమలు కుర్చీల పైన ఏడు టన్నుల దీపాల గుత్తి, దాని చుట్టూ మార్క్ షగాల్ 1964లో వేసిన పైకప్పు చిత్రం ఉంటాయి. పాత చిత్రాన్ని చెరపకుండా దాని కింద వేరే చట్రం కట్టి షగాల్ చిత్రాన్ని అమర్చారు. పందొమ్మిదవ శతాబ్దపు బంగారు పనికీ ఈ రంగులకూ పొత్తు కుదరదని అప్పట్లోనే పెద్ద రగడ జరిగింది. నాకైతే ఆ పొత్తు కుదరకపోవడమే ఆ గది ప్రాణమనిపిస్తుంది. ప్రేక్షకశాల మూసి ఉండే రోజులను సంస్థ వెబ్‌సైట్‌లో ముందుగానే ప్రకటిస్తారు కనుక టికెట్టు కొనేముందు చూసుకోవడం మంచిది. ఒకవేళ మూసి ఉన్న రోజే మీకు దొరికినా వెనక్కి తిరగనక్కరలేదు, ఎందుకంటే ఈ భవనంలో వాస్తుశిల్పి ప్రతిభంతా మెట్లలోనూ ఫోయేలోనూ ఉంది.

గానం కోసం వెళ్ళేవారు మాత్రం పారిస్ విషయంలో జాగ్రత్తపడాలి. 1989లో బాస్టీయ్ వద్ద కొత్త ఒపేరా భవనం తెరిచినప్పటి నుంచి పెద్ద ఒపేరాలు ఎక్కువగా అక్కడే జరుగుతున్నాయి, గార్నియే భవనంలో మాటలు లేని నృత్యనాటకమైన బ్యాలే వంతు ఎక్కువ. ఒకే సంస్థ రెండు భవనాలనూ నడుపుతున్నందున, టికెట్టు మీద పారిస్ ఒపేరా అని చూసి పాత భవనమే అనుకుని కొన్నవారు ఆ సాయంత్రం ఊళ్ళో మరో చోట ఉన్న ఆధునిక గాజు భవనం ముందు నిలబడవలసి వస్తుంది. పైగా గార్నియే రంగస్థల యంత్రాంగం మరమ్మతుల కోసం 2027 నడుమ నుంచి రెండేళ్ళపాటు అక్కడ ప్రదర్శనలు ఆపుతామని ప్రకటించారు. పిల్లలతో వెళ్ళేవారికి బ్యాలే ఒక విధంగా మేలే, భాష తెలియలేదన్న ఇబ్బంది ఉండదు.

వెనిస్‌లోని లా ఫెనీచే కథ వేరు. జీర్ణోద్ధరణ అంటే ఏమిటి, ఎంతవరకు చేయవచ్చు అన్న ప్రశ్నల మీద ఆసక్తి ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు లేదు. 1792లో మొదలైన ఈ నాటకశాల 1836లో ఒకసారి కాలిపోయి ఏడాదిలోనే మళ్ళీ లేచింది. 1996 జనవరి 29 రాత్రి రెండోసారి కాలింది. లోపల వైరింగు పని చేస్తున్న ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, పని ఆలస్యమైనందుకు పడబోయే జరిమానా తప్పించుకోవడానికి నిప్పు పెట్టారని కోర్టు తేల్చింది. చుట్టూ కాలువలున్న ఊరిలో నీళ్ళకు కరువేమిటని అనిపించవచ్చు గాని, ఆ రోజుల్లో పూడిక తీయడానికని పక్కనున్న కాలువలను ఎండగట్టి ఉంచారు, ఫైర్ సర్వీసు పడవలు దగ్గరికి రాలేకపోయాయి. తెల్లవారేసరికి బయటి గోడలు తప్ప మిగిలిందేమీ లేదు.

ఎలా ఉండేదో అలాగే, ఎక్కడ ఉండేదో అక్కడే కట్టాలని వెనిస్ నగరం నిర్ణయించింది. వాస్తుశిల్పి ఆల్డో రోస్సీ రూపొందించిన నమూనాను ఎంచుకున్నారు, ఆయన 1997లోనే చనిపోగా మిగిలినవారు పూర్తిచేశారు. పాత ఫోటోలతోపాటు, ఆ ప్రేక్షకశాలలోనే చిత్రీకరించి 1954లో విడుదల చేసిన ఒక ఇటాలియన్ సినిమా దృశ్యాలను కూడా పరిశీలించి అలంకరణ వివరాలను రాబట్టారు. కాగితపు గుజ్జుతో నగిషీలు పోత పోసి, వాటికి బంగారు రేకు అద్ది, మునుపటిలాగే లేత రంగుల పైకప్పు చిత్రాలు వేసి 2003 డిసెంబరులో తెరిచారు. ఒపేరా ప్రదర్శన మాత్రం మరుసటి ఏడాది నవంబరులో మొదలైంది. 1853లో ఇదే వేదిక మీద తొలిసారి ప్రదర్శించినప్పుడు అభాసుపాలైన వెర్ది ఒపేరా 'లా ట్రావియాటా'నే ఆ సందర్భానికి ఎంచుకున్నారు.

ఇక్కడ పగటి సందర్శన ఆడియో గైడుతో ఉంటుంది. ఐదు వరుసల బాక్సుల నడుమనున్న రాచ బాక్సులోకి సందర్శకులను రానిస్తారు. ఆ బాక్సులో నిలబడి దగ్గరలో ఉన్న నగిషీని పరీక్షగా చూడండి. అంచులు మరీ పదునుగా, బంగారం మరీ సమానంగా కనబడతాయి, రెండు వందల ఏళ్ళ చేతి మురికి, దీపాల పొగ ఎక్కడా లేవు. కొందరు ఇది నకలు అని పెదవి విరుస్తారు. వారి మాటలో నిజం లేకపోలేదు గాని, ఆ పనివారి చేతి నైపుణ్యం నకలు కాదు, పైగా వెనిస్‌కు తన నాటకశాల లేకుండా పోవడం కంటే ఇదే నయమని నేననుకుంటాను. పాత రాయిని తాకాలన్న పట్టుదల ఉన్నవారు మాత్రం ఇక్కడ నిరాశపడతారు. వారికి పారిస్సే తగినది. ఇక్కడి ప్రేక్షకశాలలో సీట్లు సుమారు వెయ్యి మాత్రమే, ఆ చిన్నతనం వల్ల గాయకుల గొంతు, ముఖకవళికలు దగ్గరగా అందుతాయి. ఒకే సాయంత్రంలో కట్టడమూ గానమూ రెండూ కావాలనుకునేవారికి ఇది మంచి ఎంపిక. ఉదయం వచ్చి సాయంత్రం బస్సెక్కే ప్యాకేజీ యాత్రికులకు ఆ అవకాశం ఉండదు గనుక, కనీసం ఒక రాత్రి వెనిస్‌లోనే బస చేస్తేనే ఈ మాట వర్తిస్తుంది.

గానమే ముఖ్యమనుకునేవారు వియన్నాకు వెళ్ళాలి. సెప్టెంబరు నుంచి జూన్ చివరి వరకు అక్కడ దాదాపు ప్రతి రాత్రీ ప్రదర్శన ఉంటుంది, నిన్న ఆడినది ఈ రోజు ఉండదు. ఊళ్ళో నాలుగు రోజులుంటే నాలుగు వేర్వేరు రచనలు చూసే వీలు ఒక్కోసారి దొరుకుతుంది. 1869లో తెరిచిన ఈ భవనం మీద 1945 మార్చి 12న అమెరికన్ విమానాల బాంబులు పడి, మంటల్లో రంగస్థలం, ప్రేక్షకశాల, వేలాది దుస్తులు బూడిదయ్యాయి. వీధి వైపు ముఖభాగం, పెద్ద మెట్లు, చిత్రకారుడు శ్విండ్ వేసిన కుడ్యచిత్రాలున్న ఫోయే మాత్రం మిగిలాయి. పదేళ్ళ తరువాత, 1955 నవంబరు 5న, బీథోవెన్ ఒపేరా 'ఫిదేలియో'తో మళ్ళీ తెరిచారు. విదేశీ సైన్యాలు దేశాన్ని విడిచిన కొద్ది రోజులకే జరిగిన ఆ ప్రారంభోత్సవాన్ని ఆస్ట్రియన్లు తమ స్వాతంత్ర్య కథలో భాగంగా చెప్పుకుంటారు.

అయితే వెనిస్ చేసిన పని వియన్నా చేయలేదు. ప్రేక్షకశాలను పాత గుర్రపు నాడా ఆకారంలోనే కట్టినా, నగిషీ తగ్గించి యాభైల నాటి నిరాడంబర శైలిలో ముగించారు. మెట్ల మీద పందొమ్మిదవ శతాబ్దపు వైభవం చూసి తలుపు దాటగానే తెలుపు, ఎరుపు, బంగారు వన్నెల సాదా హాలు ఎదురయ్యేసరికి గైడు వెంట వచ్చినవారిలో కొందరు, ఇంతేనా అనుకోవడం సహజం. సుమారు 40 నిమిషాలు సాగే ఆ గైడు యాత్ర మీదనే ఆధారపడితే, నా దృష్టిలో వియన్నా ఈ నాలుగింటిలో వెనకబడుతుంది. అదే హాలులో దీపాలు ఆరి వాద్యబృందం మొదలుపెట్టాక మాత్రం దానితో పోటీపడేది మిగిలిన మూడింటిలో లేదు.

వియన్నాకు ఉన్న మరో ఆకర్షణ నిలబడి చూసే టికెట్లు. మామూలు టికెట్టు ధరలో చిన్న భాగానికే దొరికే ఈ టికెట్లను ప్రదర్శన రోజున ఆన్‌లైన్‌లోనూ, మిగిలితే తలుపు దగ్గరా అమ్ముతారు. వీటిలో శ్రేష్ఠమైన చోటు నేల మట్టంలో, నడిమి రాచ బాక్సుకు సరిగ్గా కింద ఉంటుంది. అక్కడి నుంచి రంగస్థలం ఎదురుగా కనబడుతుంది, ఖరీదైన కుర్చీల వారికంటే మీరు వెనక ఉండేది కొద్ది గజాలే. లోపలికి వెళ్ళగానే మీ చోటు ముందున్న కమ్మీకి స్కార్ఫు ఒకటి ముడివేసి, నిశ్చింతగా బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు. ముడి ఉన్న చోటును ఎవరూ ఆక్రమించరు, ఇది అక్కడి పాత మర్యాద. ఆ కమ్మీకే చిన్న తెర అమర్చి ఉంటుంది, దాని మీద పాట అర్థం ఇంగ్లీషులో చదువుకోవచ్చు. మూడు గంటలు నిలబడడం ముప్పై ఏళ్ళవారికి సరే గాని, మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులను అక్కడ నిలబెట్టకండి. వారికి బాల్కనీలో నడిమి భాగాన కుర్చీ తీసుకోవడమే మర్యాద.

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి ఒపేరా అంత అపరిచితంగా ఉండదని కూడా ఇక్కడ చెప్పాలి. కథ ముందే తెలిసి ఉండడం, నటుడు భావాన్ని రాగంలో సాగదీయడం, బాగా పాడిన చోట చప్పట్లతో ఆట ఆగడం, ఇవన్నీ మనకు తెలిసిన మర్యాదలే. వన్స్ మోర్ అని కేకవేసే అలవాటును మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్ళాలి. కథను ముందురోజు రాత్రి కుటుంబమంతా కలిసి ఒకసారి చదువుకోవడం మంచిది. మొదటిసారి వెళ్ళేవారు రెండున్నర, మూడు గంటల్లో ముగిసే రచనను ఎంచుకోవాలి, వాగ్నర్ ఒపేరాలు కొన్ని విరామాలతో కలిపి ఐదు గంటలు దాటతాయి. పిల్లలుంటే మోజార్ట్ 'మేజిక్ ఫ్లూట్' అనువైనది.

ముంబై రాయల్ ఒపేరా హౌస్‌ను వీటి పక్కన నిలపడం న్యాయమేనా అని అడిగేవారుంటారు. పరిమాణంలో కాదు, ఇక్కడ ఉన్నవి 600కు లోపు సీట్లే. కాని హైదరాబాదు నుంచి వీసా లేకుండా, ఒక రాత్రి రైలు ప్రయాణంలో చేరగలిగే ఒపేరా హౌస్ ఇదొక్కటే, దేశంలో మిగిలిన ఒపేరా హౌస్ కూడా ఇదే. కలకత్తా నుంచి వినోద ప్రదర్శనలు నడిపిన మారిస్ బ్యాండ్‌మన్, బొగ్గు వ్యాపారి జహంగీర్ కరాకా కలిసి తలపెట్టిన ఈ భవనాన్ని 1911లో ఐదవ జార్జి ప్రారంభించాడు, పని మరుసటి ఏడాది దాకా సాగింది. బాలగంధర్వ, పృథ్వీరాజ్ కపూర్ వంటివారు ఆడిన వేదిక క్రమంగా సినిమా హాలైంది. 1952లో గోండల్ రాజవంశం చేతికి వచ్చింది, 1993లో మూతపడింది. వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా నేతృత్వంలో, సినిమా రోజుల్లో పడిన మార్పుల వెనుకనున్న పాత రూపాన్ని వెతికి తీసి 2016 అక్టోబరులో తిరిగి తెరిచారు. మరుసటి ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దీనికి చోటు దక్కింది.

ఇక్కడ పగటి సందర్శన మీద ఆశ పెట్టుకోకుండా ఏదైనా కార్యక్రమానికి టికెట్టు కొనుక్కుని వెళ్ళడమే తెలివైన పద్ధతి. అది ఒపేరానే కానక్కరలేదు, చాలావరకు కాదు కూడా. నాటకమైనా, కచేరీ అయినా, హాస్య కార్యక్రమమైనా ఒక గంట ముందుగా చేరి పైకప్పును, ససూన్ కుటుంబం ఇచ్చిన దీపాల గుత్తులను తీరికగా చూసుకోవచ్చు. లోకల్ రైల్లో చర్నీ రోడ్ స్టేషనులో దిగితే నడిచి వెళ్ళే దూరం. ఆటోలు అటు రావు, టాక్సీ వాడికి ఒపేరా హౌస్ అంటే ఆ పేటంతా, వజ్రాల వ్యాపారుల ఆఫీసులతో సహా, కనుక భవనమని స్పష్టంగా చెప్పాలి. అక్కడికి ఎంతో దూరంలో లేని కామాఠీపుర పేరు నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వలసవెళ్ళిన తెలుగు కూలీల వల్ల వచ్చిందన్న సంగతి ఆ వీధుల్లో తిరిగే తెలుగువారికి గుర్తుండడం మంచిది.

కాలం విషయానికి వస్తే, మన బడులకు సెలవులుండే మే నెల, జూన్ మొదటి పక్షం ఐరోపా ఒపేరాలకు అనుకూలమే, సీజను ఇంకా నడుస్తూ ఉంటుంది. జూలై నెలాఖరు, ఆగస్టులలో వెళ్ళేవారికి వియన్నాలోనూ పారిస్‌లోనూ ప్రదర్శనలు దొరకవు, కట్టడంతో సరిపెట్టుకోవాలి గనుక అప్పుడు పారిస్ వైపే మొగ్గాలి. ఫిబ్రవరిలో వియన్నాకు వెళితే ఒపేరా బాల్ నృత్యోత్సవం తేదీలు చూసుకోండి, దానికోసం ప్రేక్షకశాల కుర్చీలను తొలగించి నేల పరిచే రోజుల్లో మామూలు ప్రదర్శనలు ఉండవు.

సీటు ఎంపికలో చాలామంది బాక్సు అన్న మాటకు లొంగిపోతారు. గుర్రపు నాడా ఆకారపు హాళ్ళలో పక్క బాక్సుల ముందు కుర్చీల నుంచి రంగస్థలంలో ఒక వైపు కనబడదు, వెనక కుర్చీల నుంచి లేచి నిలబడితే తప్ప ఏమీ కనబడదు. అదే డబ్బుకు, కొన్నిసార్లు అంతకంటే తక్కువకే, పై అంతస్తులో నడిమి భాగాన చోటు దొరుకుతుంది, గొంతు అక్కడికి చక్కగా చేరుతుంది. టికెట్టు మీద పాక్షిక దృశ్యం అన్న సూచన ఉంటే దాన్ని ఉన్నదున్నట్లుగానే అర్థం చేసుకోండి. దుస్తుల గురించి బెంగ అక్కరలేదు. పట్టుచీర ఏ ఒపేరా హౌస్‌లోనైనా గౌరవం పొందుతుంది, షార్ట్‌లు, హవాయి చెప్పులు పొందవు. ఆలస్యంగా వెళితే విరామం దాకా బయటే ఉంచుతారు, ఇందులో బతిమాలుకోవడానికి తావు లేదు.

టికెట్లను ఆయా ఒపేరా హౌస్‌ల సొంత వెబ్‌సైట్లలోనే కొనాలి. వియన్నాలో ఒపేరా భవనం చుట్టూ మోజార్ట్ నాటి తెల్ల విగ్గు, ఎర్ర కోటు వేసుకుని మిమ్మల్ని పలకరించి టికెట్లు చూపించేవారు అమ్మేది ఆ భవనంలోని ఒపేరాకు కాదు, పర్యాటకుల కోసం వేరే హాళ్ళలో జరిగే కచేరీలకు. ఆ కచేరీ కావాలనుకుంటే కొనండి, కాని వేదిక పేరు చదివాకే డబ్బు ఇవ్వండి.